మట్టి, మల్చ్, ఫెన్సు చెక్కలు మొయ్యడానికి ఎలక్ట్రిక్ పికప్: ఇంటి పనులకి వాడుతున్నవాళ్లు చెప్పండి

సొరపందిరి_ఫుల్షియర్:

అందరికీ నమస్కారం. హ్యూస్టన్‌కి పడమట ఫుల్షియర్‌లో ఉంటాం, ఇల్లు కొని రెండేళ్లయింది. ఇక్కడి నేల సంగతి ఈ చుట్టుపక్కల ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. వాన పడితే చెప్పుకి శేరు మట్టి అంటుకుంటుంది, జూలై వస్తే మా తెనాలి పక్క నల్లరేగడి చేలల్లాగే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. పోయిన వేసవిలో నేలలో పెట్టిన వంగ, బెండ ఒక్కటీ బతకలేదు. అందుకని ఈసారి ఉగాదికి ముందే మూడు రైజ్డ్ బెడ్లు, అంటే ఎత్తు మడులు కట్టి, మంచి మట్టి పోసి, ఒక పక్క సొరపందిరి వేద్దామని.

అది కాక ఏడాది పొడవునా ఏదో ఒక మోత ఉంటూనే ఉంది. ఏడాదికి రెండుసార్లు మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెక్కపొట్టు), గాలికి ఒరిగిన ఫెన్సు ప్యానెళ్లు, పెరట్లో ప్యాషియోకి పరిచే పేవర్ రాళ్లు, పాత సోఫా డంప్‌కి, ఆగస్టులో అబ్బాయి సామాను కాలేజ్ స్టేషన్ అనే ఊరికి. గత నెల మా సియెన్నా వ్యాన్‌లో 16 బస్తాల మల్చ్ తెచ్చాను. ఒక బస్తా అడుగున చిరిగి ఉందని ఇంటికొచ్చాక తెలిసింది. ఇప్పటికీ ఏసీ వేస్తే అడవిలో కూర్చున్నట్టుంది. మా ఆవిడ ఆ వ్యాన్ ఎక్కనంటోంది.

రెండో బండి 2012 క్యామ్రీ, అది ఎలాగూ మార్చాలి. ఎవరన్నా వాడి అమ్మే ఎఫ్-150 లైట్నింగ్, అదే ఫోర్డ్ ఎలక్ట్రిక్ పికప్, దాని మీద కన్ను పడింది. కొత్త ఎలక్ట్రిక్ బండ్లకిచ్చే ఫెడరల్ పన్ను రాయితీ 7,500 డాలర్లు 2025 సెప్టెంబరు 30తోనే అయిపోయింది, డిసెంబరులో ఫోర్డ్ ఈ బండి తయారీ కూడా ఆపేసినట్టు చెప్పింది, కాబట్టి కొత్తది కొనే మాట లేదు. నాన్నగారు ఏప్రిల్ దాకా ఇక్కడే ఉంటారు. ఆయన మాట: "ఒక ట్రాక్టరు మట్టి తోలించుకుంటే అయిపోయేదానికి ఎవడన్నా లారీ కొంటాడంట్రా?" మా ఆవిడేమో కావలసినప్పుడు అద్దెకి తెచ్చుకో అంటోంది.

లోడు వేస్తే రేంజ్, అంటే ఒక చార్జ్‌కి పోయే దూరం, ఎంత పడిపోతుంది? నిజంగా ఎంత బరువు వెయ్యొచ్చు? గ్యారేజీలో పడుతుందా? అసలు ఈ వాడకానికి ఇది కొనడం తెలివితక్కువ పనా? అమ్మేవాళ్లు కాకుండా వాడేవాళ్లు చెప్పండి.

ఎడిసన్_చలిమిడి:

నాది రివియన్ ఆర్1టీ, ఇదీ ఎలక్ట్రిక్ పికప్పే, న్యూజెర్సీలో. బండి బంగారం, కానీ బెడ్, అదే వెనక సామాను తొట్టి, నాలుగున్నర అడుగులే. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీట్ వేస్తే టెయిల్‌గేట్ (వెనక తలుపు) దించినా దాదాపు అడుగు బయటికే ఉంటుంది. సీట్ల వెనక అడ్డంగా ఒక సొరంగం ఉంటుంది చూశారా, గేర్ టన్నెల్, నేను ఎక్కువ వాడేది అదే. మడత కుర్చీలు, గొడుగులు, మా అమ్మాయి క్రికెట్ కిట్టు. మట్టీ కంకరా అంటే మాత్రం లైట్నింగే మేలు. ఇక్కడి జనవరి చలికి రేంజ్ పావు వంతు పోతుంది, మీకు ఆ బాధ లేదు.

కేటీ_మునగచెట్టు:

ఫుల్షియర్ గారూ, నేను కేటీలో ఉంటాను, అంటే మీకు పావుగంట. 2023 లైట్నింగ్ ఎక్స్‌ఎల్‌టీ, చిన్న బ్యాటరీది. 2024 ఫిబ్రవరిలో 14 వేల మైళ్లు తిరిగిన బండి కొన్నాను, ఇప్పుడు 39 వేలు. నాకొక పాడలవాటు ఉంది, ప్రతి మోతా ఫోన్‌లో రాసిపెట్టుకుంటాను. రెండేళ్లలో మొత్తం 61 మోతలు. అందులో మా ఇంటివి 34. మిగతా 27 ఎవరివో తర్వాత చెప్తాను.

ముందు రేంజ్ సంగతి తేల్చేద్దాం. అందరూ అదే అడుగుతారు, నిజానికి ఇంటి పనులకి దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. నా బండికి ఈపీఏ (అమెరికా ప్రభుత్వ సంస్థ) లెక్క 240 మైళ్లు. హైవే మీద 75లో పోతే 190 వస్తే గొప్ప. అయితే ఏంటి? మా ఇంటి 34 మోతల్లో అన్నిటికంటే దూరం వాలర్ పక్కన ఒక నర్సరీ, పోను 31 మైళ్లు. వెయ్యి పౌండ్ల పేవర్లు వేసుకొచ్చిన రోజు చూశాను, ఖాళీగా కిలోవాట్ అవర్‌కి (ఒక యూనిట్ కరెంటుకి) 2.2 మైళ్లు ఇచ్చే బండి 2 ఇచ్చింది. బెడ్‌లో వేసిన బరువు రేంజ్‌ని పెద్దగా తినదు. తినేది గాలి.

అది ఎలా తెలిసిందంటే, ఒక స్నేహితుడు డల్లాస్ పక్క ఫ్రిస్కోకి మారుతున్నాడని నా బండికి అద్దె ట్రైలర్ తగిలించాం. మూసి ఉన్న పెట్టె ట్రైలర్, గోడలా నిలువుగా ఉంటుంది. లోపల సామాను మరీ బరువేం కాదు, పరుపులు, డైనింగ్ టేబులు. కానీ ఆ గోడని గాలికి ఎదురు తోసుకుంటూ పోవాలి కదా, 2.2 కాస్తా 1.1 అయింది. హంట్స్‌విల్‌లో మొదటిసారి ఆగాం. చార్జరు దగ్గర బండి పట్టే చోటు ఉంది, వెనక ట్రైలర్‌కి లేదు. ఊడదీసి, పక్కన ఎక్కడో నిలబెట్టి, చార్జ్ చేసి, మళ్లీ తగిలించి. ఇలా మూడుసార్లు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టయింది. దూరాలకి ట్రైలర్ లాగేవాళ్లు ఈ బండి జోలికి రావద్దు. పెరట్లోకి మట్టి తెచ్చుకునేవాళ్లకి ఇది సమస్యే కాదు.

అసలు సమస్య బరువు. దీని గురించి ఎవరూ అడగరు, నేనూ అడగలేదు.

డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన పసుపు పట్టీ ఉన్న తెల్ల స్టిక్కరు ఉంటుంది. మనుషులూ సామానూ అన్నీ కలిపి ఇంతకు మించకూడదు అని దాని మీద ఒక అంకె. నాదాని మీద 1,846 పౌండ్లు. ప్రకటనల్లో 2,235 అని కనిపించేది, అది అన్నిటికంటే సాదా రకానికి. పెద్ద బ్యాటరీ, గాజు పైకప్పు, పెద్ద చక్రాలు, ప్రతి సోకూ ఆ అంకెలోంచి కొంత కొరుక్కుతింటుంది. అందుకే ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి డబ్బు కట్టకండి, ఆ స్టిక్కరు ఫొటో పంపమనండి. ఒకే ఏడాది, ఒకే రంగు, రెండు బండ్లకి 300 పౌండ్ల తేడా చూశాను నేను.

ఇప్పుడు నా అవివేకం చెప్తాను. బండి కొన్న మూడో వారం. నేనూ మా బావమరిదీ మట్టి అమ్మే చోటికి వెళ్లాం. ముందురోజు వాన. డబ్బులు కట్టే చోట "ఒక యార్డు" అన్నాను. యార్డు అంటే మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. బెడ్ చూస్తే దానికి దాదాపు రెండింతలు పడుతుంది, ఏముందిలే అనుకున్నా. లోడర్ అతను బకెట్ ఎత్తి ఒక్కసారిగా కుమ్మరించాడు. బండి 'హుఫ్' మని కూర్చుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక టైరుకీ పైన ఫెండర్ అంచుకీ మధ్య నా అరచెయ్యి అడ్డంగా పడుతుంది. ఆ రోజు రెండు వేళ్లు కూడా దూరలేదు. ముందు లైట్లు చెట్ల కొమ్మల్లోకి చూస్తున్నాయి. మా బావమరిది దిగి చుట్టూ తిరిగి చూసి, "బావా, ఎద్దు ఈనడానికి కూర్చున్నట్టుంది" అన్నాడు.

తడి మట్టి యార్డు 2,500 పౌండ్లు దాటుతుంది. మేమిద్దరం 370. అంటే మాకు మిగిలింది 1,476 మాత్రమే. అతన్నే బతిమాలి సగం పైన వెనక్కి తీయించాను, మిగతాది పారలతో మేమే తోడాం. డబ్బు వెనక్కివ్వలేదు, కానీ రెండో ట్రిప్పుకి మిగతా సగం ఉచితంగా పోశాడు, మంచివాడే.

పెట్రోలు ఎఫ్-150 అయితే వెనక పట్టీ స్ప్రింగులు ఉంటాయి, ఎడ్లబండి ఇరుసులా బిగుసుకుని మోస్తుంది. దీనికి వెనక రెండు చక్రాలూ వేటికవే ఆడతాయి, చుట్ట స్ప్రింగులు. ఖాళీగా నడిపితే కారులా మెత్తగా ఉండేది అందుకే, లోడు వేస్తే చతికిలబడేదీ అందుకే. కొన్ని బండ్లలో ఎంత బరువు పడిందో తెర మీద చూపించే కాటా ఉంటుంది, వెనక లైట్లు కూడా మెట్లు మెట్లుగా వెలుగుతాయి. నాదాంట్లో లేదు. నా కాటా నా అరచెయ్యే.

ఇప్పుడు నేను పాటించేది ఇది: ఎండిన మల్చ్ అయితే యార్డు 800 పౌండ్ల లోపే, కాబట్టి యార్డున్నర కూడా నింపేస్తాను. మట్టి అరయార్డు. కంకర అయితే అరయార్డులోపే, అది యార్డు 2,700 దాకా తూగుతుంది. 80 పౌండ్ల సిమెంటు కాంక్రీటు బస్తాలు 15 దాటను, అవీ ముందుకి, క్యాబ్‌కి ఆనించి. ప్లైవుడ్, జిప్సం షీట్లు నాలుగు బై ఎనిమిదివి చక్రాల గూళ్ల మధ్య చదునుగా పడతాయి. బెడ్ అయిదున్నర అడుగులే గానీ టెయిల్‌గేట్ దించితే కొద్దిగానే బయటికి వస్తుంది. టెక్సాస్‌లో నాలుగడుగులు దాటితేనే ఎర్ర గుడ్డ కట్టాలి. మట్టికి, మల్చ్‌కి మాత్రం టార్ప్ కప్పాల్సిందే. చట్టం సంగతి అటుంచండి, కప్పకుండా 99 హైవే ఎక్కితే వెనక వచ్చేవాడి అద్దం మీద మీ తోట మొలుస్తుంది.

ఇంకో మాట. ఎలక్ట్రిక్ కాబట్టి కాలు కాస్త గట్టిగా పెడితే బండి ఎగురుతుంది. మొదట్లో ఆ సరదాలో ఒక నిమ్మ మొక్క కుండీతో సహా టెయిల్‌గేట్‌కి గుద్దుకుని రెండు ముక్కలైంది. మా ఆవిడ ఆ మొక్కకి పేరు కూడా పెట్టుకుంది. ఇప్పుడు లోడు ఉంటే గుడ్లబుట్ట నెత్తిన పెట్టుకున్నట్టే నడుపుతాను.

ముందు బానెట్ కింద ఇంజిను ఉండదు కదా, అక్కడ పెద్ద పెట్టె ఉంది, ఫ్రంక్. 400 పౌండ్లు మోస్తుంది, తాళం పడుతుంది, వానకి తడవదు, అడుగున నీళ్లు పోవడానికి బెజ్జం కూడా ఉంది. పొలాలకి వెళ్లి పొట్టేలు మాంసం కోయించి తెచ్చుకునేవాళ్లకి ఇంతకంటే వరం లేదు. ఐసు పోసి పెట్టేస్తే సీట్లలోకి వాసన రాదు, ఇంటికొచ్చి పైపుతో కడిగేయడమే. మీ మల్చ్ వ్యాన్ కథ చదివి నవ్వుకున్నాను గానీ, పులుసు ఒలికిన వ్యాన్ కథ నా దగ్గరుంది.

ఆ ఫ్రంక్‌లోనే నాలుగు కరెంటు ప్లగ్గులున్నాయి. కొన్నప్పుడు వాటిని లెక్కలోకే తీసుకోలేదు. 2024 జూలై 8న బెరిల్ తుఫాను వచ్చింది కదా. హ్యూస్టన్ చుట్టూ 20 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. మాకు మూడో రోజు రాత్రికి వచ్చింది. ఆ ఎండలో! బండిని గ్యారేజీ ముందు నిలబెట్టి, లావుపాటి 12 గేజ్ వైర్లు లాగి మా ఫ్రిజ్, డీప్ ఫ్రీజర్, ఇంటర్నెట్ డబ్బా, రాత్రిళ్లు ఒక గదికి చక్రాల ఏసీ నడిపాం. ఇంకో వైరు ఫెన్సు మీదుగా పక్కింటివాళ్ల ఫ్రిజ్‌కి. మొదటి రోజు పొద్దున బ్యాటరీ 90 శాతం, మూడో రోజు సాయంత్రానికి 31. ఫ్రీజర్‌లో మా అత్తగారు చేసి పెట్టిన గోంగూర, పండుమిరప పచ్చళ్లు, అయిదు కేజీల రొయ్యలు ఉన్నాయి, ఒక్కటీ పాడవలేదు. జాగ్రత్త ఒకటే: ఆ వైరు చివర తెచ్చి ఇంటి గోడ సాకెట్‌లో వెనక్కి గుచ్చే తెలివితేటలు చూపించకండి. ఆ కరెంటు వీధి తీగల్లోకి ఎక్కుతుంది, స్తంభం ఎక్కి పనిచేసేవాడి ప్రాణం పోతుంది.

ఇంట్లో చార్జింగ్‌కి 240 వోల్టుల సాకెట్ వేయించుకున్నాను, 40 యాంప్స్ తీసుకుంటుంది, ఖాళీ నుంచి నిండా అంటే రాత్రంతా. మొదట ఎలక్ట్రీషియను చవకరకం సాకెట్ పెట్టాడు, ఏడు నెలలకి దాని మొహం గోధుమరంగుకి తిరిగి ప్లాస్టిక్ కాలిన వాసన. డబ్బు ఎక్కువైనా గట్టి ఇండస్ట్రియల్ రకమే అడగండి. రాత్రి కరెంటు ఉచితం అనే ప్లాన్లు తీసుకునేముందు పగటి రేటు చదవండి, పగలు ఏసీకి వాయించేస్తారు. రిజిస్ట్రేషన్‌కి ఏటా 200 డాలర్లు ఎలక్ట్రిక్ బండ్లకి అదనం. టైర్లు నాకు 31 వేల మైళ్లకే అరిగాయి, ఆరువేల పౌండ్ల బండి కదా.

ఇక ఆ 27 మోతలు. సత్తెనపల్లి పక్క మా తాతగారికి ఒక ఎడ్లబండి ఉండేది. పేరుకి ఆయనది. ఊళ్లో ఎవరింట పెళ్లయినా, ఎవరు ఇల్లు కట్టినా, ఎవరికి పురుడొచ్చినా అది అక్కడే. ఆయన మాత్రం పొలానికి నడిచి వెళ్లేవాడు. ఇప్పుడు అదే నాకు. వినాయకచవితికి కాలనీ విగ్రహం నాదే, బతుకమ్మకి స్పీకర్లూ కుర్చీలూ నావే, గృహప్రవేశానికి పెసరట్టు పెనాలు నావే. ఎవరో ట్రెడ్‌మిల్ కొంటే నేను. ఏడాది తిరక్కుండా అదే ట్రెడ్‌మిల్ అమ్మేస్తే మళ్లీ నేను. "అన్నా, శనివారం ఖాళీయేనా?" అన్న మెసేజ్ వచ్చిందంటే అది నాకు కాదు, బండికి. కొనేముందు ఇది కూడా ఖర్చులో రాసుకోండి.

కాబట్టి నా మాట: మోతల కోసమే అయితే కొనకండి. ఏడాదికి ఎనిమిదో పదో మోతలకి అద్దె బండి చాలు, మీ ఆవిడ చెప్పింది నిజం. రోజూ ఆఫీసుకి వెళ్లే బండి ఎలాగూ మార్చాలి, అదే మోతలకి కూడా పనికిరావాలి అంటే మాత్రం ఇంతకంటే సుఖమైనది నాకు తెలీదు.

క్యారీ_బుల్లిట్రైలర్:

నార్త్ కరోలినా నుంచి. కేటీ గారు అంతా బాగా చెప్పారు గానీ మూడో దారి ఎవరూ చెప్పలేదు. నాది టెస్లా మోడల్ వై, హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) వేయించాను, 3,500 పౌండ్లు లాగొచ్చు. దానికి మడతపెట్టి గోడకి నిలబెట్టే నాలుగు బై ఎనిమిది ట్రైలర్ కొన్నాను, 1,200 పౌండ్ల దాకా మోస్తుంది. హిచ్, ట్రైలర్, దాని అడుగుకి ప్లైవుడ్ అన్నీ కలిపి 2,200 డాలర్లయింది. తెరిచి ఉన్న పొట్టి ట్రైలర్ కాబట్టి కేటీ గారు చెప్పిన గాలి గోల కూడా తక్కువ. మీ సియెన్నాకే హిచ్ వేయొచ్చు, కాకపోతే అది హైబ్రిడ్ అయితే 1,500 పౌండ్లే, అందులో ట్రైలర్ బరువు కూడా పోతుంది.

రివర్స్ మాత్రం ఏడిపిస్తుంది. మన చెయ్యి ఎటు తిప్పితే అది దానికి ఎదురు పోతుంది, పొట్టి ట్రైలర్ అయితే మరీను. మొదటి రోజు డ్రైవ్‌వేలో 20 నిమిషాలు తిప్పి, చివరికి ఊడదీసి చేత్తో తోసుకెళ్లాను. ఎదురింటి ముసలాయన కుర్చీ తెచ్చుకుని మరీ చూశాడు.

ఫ్రిస్కో_మల్లెతీగ:

కేటీ అన్నయ్యగారూ, గ్యారేజీ గురించి అడిగితే మీరు దాటేశారు! మా ఇంట్లో లైట్నింగ్ ఉంది, నేనే నడుపుతాను. పొడవు 232.7 అంగుళాలు, అంటే 19 అడుగుల 5 అంగుళాలు. మా గ్యారేజీ లోపల 20 అడుగులు. వినడానికి సరిపోయినట్టే ఉంటుంది. ముందు గోడకి షూ ర్యాకు, మూలన వాటర్ హీటరు, వెనక తలుపు పట్టాలు, ఇవన్నీ పోగా బండి చుట్టూ తిరగాలంటే పొట్ట లోపలికి పీల్చుకుని పక్కకి నడవాలి. పైనుంచి టెన్నిస్ బంతి వేలాడదీశాం, అద్దానికి తగిలితే ఆపెయ్యాలి. ఒకరోజు మా పిల్లలు బంతి తీసి ఆడుకుని మళ్లీ కట్టారు, వాళ్లు కట్టిన చోట. గోడకి ఆ గుర్తు ఇంకా ఉంది.

కొలిచేటప్పుడు గోడ నుంచి గోడకి కాదు, తలుపు మూసి, ముందున్న వస్తువు నుంచి తలుపుకి కొలవండి. అలాగే మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్లవాళ్ల సంఘం) కాగితాలు చదవండి. కొన్ని కాలనీల్లో పికప్‌లు రాత్రి డ్రైవ్‌వేలో పెట్టనివ్వరు. బస్తాలు దింపి రెండు రోజులు వాకిట్లో ఉంచితే ఫొటోతో సహా ఉత్తరం వస్తుంది, మాకు వచ్చింది.

కడియం_గులాబి:

ఎక్కడో అమెరికా ముచ్చట్లు, అయినా మొక్కల మాట వచ్చింది కాబట్టి. మాది కడియం పక్కన, నర్సరీ. ఇక్కడ ఎలక్ట్రిక్ టాటా ఏస్ 2022లో వచ్చినప్పుడు 600 కిలోలు మోస్తుందన్నారు, తర్వాత టన్ను మోసేది కూడా వచ్చింది. 600 కిలోలంటే మీ లెక్కలో 1,320 పౌండ్లు. అంటే ఆరువేల పౌండ్ల బండీ, మా ఛోటా హాథీ, ఇద్దరు మనుషులు ఎక్కాక ఇంచుమించు ఒకటే మోస్తున్నాయన్నమాట! ఇక్కడైతే ఇంటికి మట్టి కావాలంటే ఎవరూ బండి కొనరు, ఫోన్ కొడితే ట్రాలీ ఆటో వస్తుంది. వాడే దింపుతాడు కూడా.

సొరపందిరి_ఫుల్షియర్:

అందరికీ ధన్యవాదాలు. కడియం గారి మెసేజ్ నాన్నగారికి చదివి వినిపించాను, అప్పటినుంచి పొద్దున కాఫీ దగ్గర్నుంచి "నేనేం చెప్పాను" అనే అంటున్నారు.

కొలతలు తీశాను. గ్యారేజీ తలుపు నుంచి నాన్నగారి బియ్యం డ్రమ్ముల దాకా 18 అడుగుల 10 అంగుళాలు. డ్రమ్ములు తీస్తే 20 దాటుతుంది. డ్రమ్ములు తీయడం కన్నా బండి చిన్నది చూసుకోవడం తేలిక అని మా ఆవిడ అంటోంది. హెచ్‌ఓఏ కాగితంలో ఒక టన్నుకు మించిన ట్రక్కులు డ్రైవ్‌వేలో నిలపకూడదు అని ఉంది. ఇది ఆ లెక్కలోకి వస్తుందో రాదో వాళ్లకి మెయిల్ పెట్టాను.

కేటీ గారూ, ఒక్క సందేహం. నా బెడ్లు మూడు, ఒక్కోటి నాలుగు బై ఎనిమిది, ఎత్తు అడుగున్నర. మీ లెక్కన అరయార్డు చొప్పున ఎన్ని ట్రిప్పులు?

కేటీ_మునగచెట్టు:

4 ఇంటూ 8 ఇంటూ 1.5 అంటే 48 ఘనపుటడుగులు. మూడింటికి 144. యార్డుకి 27 కాబట్టి 5.3 యార్డులు. అరయార్డు చొప్పున 11 ట్రిప్పులు. నా బండితో అయినా సరే, మీరు కొన్న బండితో అయినా సరే, పదకొండూ పదకొండే. ఒక్కో ట్రిప్పు దింపడానికి ఇద్దరికి అరగంట. నాలుగో ట్రిప్పుకే మీ నడుము మీతో మాట్లాడటం మానేస్తుంది.

ఈ ఒక్క విషయంలో మీ నాన్నగారిదే కరెక్టు. తోలించుకోండి. మట్టి అమ్మేవాడి డంప్ ట్రక్కు ఒక్క ట్రిప్పులో తెచ్చి పోసి పోతాడు. కాకపోతే ఫ్రిస్కో చెల్లెలు చెప్పింది గుర్తుంచుకుని, శనివారం పొద్దున్నే పోయించి ఆదివారం సాయంత్రానికి వాకిలి కడిగేయండి. అదీ కాకుండా అడుగున్నర ఎత్తుకీ మంచి మట్టే ఎందుకు? అడుగున అర అడుగు ఎండు కొమ్మలు, ఆకులు, అట్టపెట్టెలు వేసెయ్యండి, నేనలాగే చేశాను. అప్పుడు మూడున్నర యార్డులు చాలు. అవి కుళ్లి ఏడాదికి కాస్త కుంగుతుంది, అప్పుడు పైన కంపోస్టు వేసుకోవచ్చు.

మా ఫెన్సు పక్కన పోయిన నెల కొట్టించిన ఓక్ కొమ్మలు ఇంకా గుట్టగా ఉన్నాయి. మా హెచ్‌ఓఏ నుంచి కూడా ఉత్తరం వచ్చింది. కావాలా?

సొరపందిరి_ఫుల్షియర్:

కావాలండి. కానీ మా వ్యాన్‌లో వేస్తే ఈసారి నన్ను కూడా ఎక్కనివ్వదు.

అడగడానికి మొహమాటంగా ఉంది. ఈ శనివారం మీరు ఖాళీయేనా?

కేటీ_మునగచెట్టు:

62.

పొద్దున ఏడింటికి వస్తాను, ఎండెక్కక ముందే. టార్ప్, స్ట్రాపులు నా దగ్గరున్నాయి. గ్లవ్స్ మీరు తెచ్చుకోండి, ఓక్ గుచ్చుకుంటుంది. నాన్నగారిని కూడా లేచి ఉండమనండి, బండి చూస్తారు.